మిస్సోరీలో విడాకులు, యాదగిరిగుట్టలో లగ్గం

ఇయ్యాల కోర్టు ముచ్చట చెప్పుకుందాం. అదీ అమెరికా కోర్టు ముచ్చట. "మన నల్లగొండ కోర్టు వాయిదాలే తెమల్తలేవు, అమెరికా కోర్టు మనకెందుకయ్యా" అంటారేమో. మిర్యాలగూడ పోండి, జడ్చర్ల పోండి, వనపర్తి పోండి, ఏ వాడలోనైనా డల్లాస్‌లో కొడుకున్న ఇల్లో న్యూజెర్సీలో బిడ్డ ఉన్న ఇల్లో ఒకటి తగులుతుంది. పిల్లలు పోయిన చోటికి వాళ్ల కాపురాలూ పోయాయి, కాపురాల వెంట తగాదాలూ పోయాయి. తగాదా వచ్చిందంటే ఇక్కడి తల్లిదండ్రులకు తెలిసిన దారి ఒక్కటే: నలుగురు పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టడం. ఆ దారి అక్కడ నడవదు. మరి నడిచే దారులేంటో ముందే తెలిసి ఉంటే మంచిదే కదా.

మొదట యాదగిరిగుట్ట ముచ్చట చెప్తాను. ఇప్పుడంటే యాదాద్రి భువనగిరి జిల్లా అంటున్నాం గానీ, ఈ కథ జరిగిననాడు అది నల్లగొండ జిల్లానే. 1981 నవంబరు 2న గుట్టలో ఒక లగ్గం అయింది. నరసింహస్వామి సన్నిధిలో లగ్గాలు కావడం వింతేమీ కాదు, ముహూర్తాల రోజుల్లో అక్కడ కాలు పెట్టే సందు దొరకదు. ఈ లగ్గం మాత్రం సుప్రీంకోర్టు దాకా పోయింది. లా చదివే పిల్లలు ఇప్పటికీ ఈ కేసు చదవాల్సిందే. "వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి" అని ఉంటుంది పుస్తకాల్లో.

ఆ పెండ్లికొడుక్కు అది రెండో పెండ్లి. మొదటిది 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో జరిగింది. ఆయన ఉండేది అమెరికాలో, లూసియానా రాష్ట్రం న్యూ ఆర్లీన్స్‌లో. 1978 జూలైలో ఆలుమగలు విడిపోయారు. విడాకుల కోసం తిరుపతి సబ్ కోర్టులో ఆయన వేసిన పిటిషన్ ఒకటి అప్పటికే ఉంది. దాన్ని అట్లా ఉంచి, మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టుకు పోయి ఇంకో పిటిషన్ వేశాడు. న్యూ ఆర్లీన్స్ మనిషికి మిస్సోరీలో ఏం పని? అక్కడి చట్టం ప్రకారం ఆ రాష్ట్రంలో 90 రోజులు నివాసం ఉంటే చాలు, విడాకులు అడగొచ్చు. కారణం కూడా పెద్దగా చూపనక్కర్లేదు. "ఈ కాపురం ఇక అతకదు" అంటే సరిపోతుంది.

భార్య ఇక్కడి నుంచే జవాబు రాసి పంపింది, మీ కోర్టు అధికారాన్ని నేను ఒప్పుకోవడం లేదని చెప్తూనే. ఆమె లేకుండానే 1980 ఫిబ్రవరి 19న అక్కడి కోర్టు విడాకులు ఇచ్చేసింది. ఆ కాగితం చేతికొచ్చాక ఈయన తిరుపతి పిటిషన్‌ను ఇక నడపనన్నాడు, 1981 ఆగస్టులో అది కొట్టుడుపోయింది. నవంబరులో యాదగిరిగుట్టలో బాజాలు మోగాయి.

మొదటి భార్య ఊరుకోలేదు. భార్య ఉండగా మళ్లీ పెండ్లి చేసుకున్నాడని చీరాల మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు చేసింది. మేజిస్ట్రేటు మిస్సోరీ డిక్రీ చూసి ముద్దాయిలను వదిలేశాడు. హైకోర్టుకు పోతే, మీరు చూపించింది డిక్రీ జిరాక్సు కాపీ, అది సాక్ష్యానికి పనికిరాదు అని ఆ ఉత్తర్వును రద్దు చేసింది. భర్త సుప్రీంకోర్టుకు పోయాడు. 1991 జూలై 9న జస్టిస్ సావంత్, జస్టిస్ తొమ్మెన్ తీర్పు చెప్పారు. వాళ్లు జిరాక్సు దగ్గర ఆగలేదు, అసలు మిస్సోరీ కోర్టుకు ఈ కేసు వినే అధికారం ఎక్కడిదని అడిగారు. 90 రోజుల నివాసం విడాకుల కోసం చూపించిన నివాసమేనన్నారు. హిందూ వివాహ చట్టం కింద పెండ్లి చేసుకున్నవాళ్లు ఆ చట్టంలో ఉన్న కారణం మీదనే విడిపోవాలి, కాపురం అతకదన్న కారణం ఆ చట్టంలో లేదు. కాబట్టి మిస్సోరీ కాగితం ఇక్కడ చెల్లదు, ఫిర్యాదు మీద విచారణ నడపండి అన్నారు.

విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ ఎప్పుడు చెల్లుతాయో కూడా ఆ తీర్పే చెప్పింది. అవతలి పక్షం శాశ్వతంగా ఉండేది ఆ దేశంలోనే అయి, కారణం మన చట్టంలో ఉన్నదై ఉండాలి. లేదా అవతలి పక్షం తన ఇష్టంతో ఆ కోర్టుకు పోయి, మన చట్టంలోని కారణం మీద నిజంగా వాదించి ఉండాలి. లేదా విడాకులకు తానే ఒప్పుకుని ఉండాలి. పోస్టులో వచ్చిన నోటీసుకు నిరసనగా జవాబు రాసినంత మాత్రాన ఆ కోర్టుకు లోబడినట్టు కాదు. ఇక్కడున్న ఆడమనిషి టికెట్ కొనుక్కుని, వీసా తెచ్చుకుని, అక్కడ వకీలును పెట్టుకుని కొట్లాడే వీలుండదు కదా అన్న ఇంగితం ఆ తీర్పులో ఉంది. నాకు ఆ తీర్పు మీద గౌరవం అందుకే.

కాపురం అతకదన్న కారణం ఇప్పటికీ హిందూ వివాహ చట్టంలో చేరలేదు. ఆ కారణంగా విడాకులివ్వడానికి రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకు అధికారం ఉందని 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది సుప్రీంకోర్టు ఒక్కదాని మాట. నల్లగొండ ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదు.

ఒక్క కథలో చూడండి ఎన్ని ఉన్నాయో. విడాకులు ఫ్యామిలీ చట్టం. రెండో పెండ్లి నేరం కనుక క్రిమినల్ చట్టం. పరాయి దేశపు తీర్పు ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్. ఇవన్నీ కలిపి "కోర్టు కేసు" అని ఒకే గంపలో వేస్తాం మనం, చిక్కంతా అక్కడే. నన్నడిగితే ఏ కేసైనా ముందు ఒక్కటి తేల్చుకోవాలి: ఈ కేసు ఎవరిది? పెట్టేది ఎవరు, ఆపగలిగేది ఎవరు?

మొన్నామధ్య ఒక తెల్లారి ఫోను. దేవరకొండ దిక్కు మా బావ.

"బావా, అల్లున్ని పోలీసులు తీస్కపోయిన్రంట."

"ఏమైంది?"

"ఏమున్నది, మొగడు పెండ్లాల లొల్లి. చెయ్యి లేపిండంట. పక్కింటోళ్లు 911కు కొట్టిన్రు. మా బిడ్డ కూడా ఏడ్సుకుంట జరిగింది చెప్పిందట. ఇప్పుడేమో కేసు వాపస్ తీస్కుంటనంటుంది. వాపస్ తీస్కుంటే ఒడిసిపోతదిగా?"

"ఒడువది బావా."

"ఎందుకొడువది? కేసు పెట్టింది మా బిడ్డేనాయె!"

కేసు పెట్టింది ఆయన బిడ్డ కాదు, వాళ్లుండే టెక్సాస్ రాష్ట్రం. కాగితం మీద "స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్ ఫలానా" అని పడుతుంది. కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో అయితే ఏకంగా "ప్రజలు వర్సెస్ ఫలానా". భార్య అక్కడ సాక్షి, అంతే. నాకు కేసు వద్దు అని ఆమె అఫిడవిట్ రాసివ్వొచ్చు, ప్రాసిక్యూటర్ దాన్ని చూస్తాడు, చూసి కూడా కేసు నడపొచ్చు. పోలీసులకు ఆమె చెప్పిన మాటల రికార్డింగు ఉంటుంది, ఒంటి మీది దెబ్బల ఫొటోలు ఉంటాయి. భయంతోనో, బతిమాలడంతోనో, అటూ ఇటూ అమ్మానాన్నల ఫోన్లతోనో ఆడవాళ్లు వెనక్కి తగ్గుతారని తెలిసే ఆ పద్ధతి పెట్టుకున్నారు. అది సరైన పద్ధతేనని నేననుకుంటాను, మా బావకు కోపం వచ్చినా సరే.

మన దగ్గర క్రిమినల్ కేసు ఎవరిదంటారు? ఇక్కడా సర్కారుదే! ఇక్కడి కాగితం మీద కూడా "స్టేట్ ఆఫ్ తెలంగాణ" అనే ఉంటుంది. కానీ పోలీస్ స్టేషన్ మెట్ల మీద రాజీ కాగితం రాసుకోవడం, సాక్షులు కోర్టులో మాట మార్చడం, లోక్ అదాలత్‌లో కలిసిపోవడం మనకు ఎంత అలవాటంటే, కేసు మన జేబులోని వస్తువని అనుకుంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చట్టం సవరించి, భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే 498ఏ కేసును కూడా కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు కల్పించారు. ఆ అలవాటుతోనే అక్కడా మాట్లాడబోతాం.

ఇంకో అలవాటు మరీ ముంచుతుంది. పోలీసు ఇంటికొస్తే మనవాడు మర్యాదగా కూర్చోబెట్టి మొత్తం చెప్పేస్తాడు: "సార్, పెద్దగా ఏం లేదు, కోపంలో ఒక్కటి వేశాను, అంతే." అది నేరం ఒప్పుకోలు! మన దగ్గర పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. అక్కడ అవుతుంది. అదుపులోకి తీసుకుని ప్రశ్నించేముందు "నీకు మౌనంగా ఉండే హక్కు ఉంది, వకీలును పెట్టుకునే హక్కు ఉంది" అని పోలీసు చెప్పి తీరాలని 1966లో మిరాండా కేసులో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది. సినిమాల్లో చూసే ఉంటారు. కానీ అది అదుపులోకి తీసుకున్నాక. వాకిట్లో నిలబడి మనంతట మనం చెప్పుకున్నదానికి ఆ రక్షణ లేదు.

అక్కడ నేరాలను రెండు రకాలు చేస్తారు. ఏడాదికి మించి జైలు పడేవి ఫెలొనీలు, అంతకు తక్కువవి మిస్‌డిమీనర్లు. టెక్సాస్‌లో భార్యను కొట్టి గాయపరిస్తే మొదటిసారి సాధారణంగా క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. ఓస్ ఇంతేనా అనకండి. వీసా మీద ఉన్నవాడికి అసలు శిక్ష ఆ తర్వాత ఉంటుంది. గృహహింస కింద నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం అవుతుంది. అమెరికాలో శిక్షలు పడ్డ కేసుల్లో నూటికి తొంభైకి పైగా విచారణ దాకా పోవు, నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరం కుదుర్చుకుంటారు. ఈ బేరంలో మనవాళ్లు, జరిమానా కట్టి పోదాం అని సంతకం పెట్టేస్తారు, ఏడాది తర్వాత వీసా దగ్గర ఇరుక్కుంటారు. దుకాణంలో చిన్న దొంగతనం కేసు కూడా ఇట్లాగే మెడకు చుట్టుకుంటుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పు ఉందని విదేశీయుడికి చెప్పడం వకీలు బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో తీర్పు వచ్చింది. ఆ సంగతి వకీలును గట్టిగా అడిగి తెలుసుకోవాలి.

వకీలుకు పైసలు లేకపోతే? జైలు పడే క్రిమినల్ కేసైతే సర్కారే వకీలును ఇస్తుంది. 1963లో గిడియన్ అనే పేద ఖైదీ, జైలు నుంచి పెన్సిలుతో రాసి పంపిన పిటిషన్ మీద వచ్చిన హక్కు అది. సివిల్ కేసులో ఆ హక్కు లేదు.

ఈ సివిల్, క్రిమినల్ తేడా ఎంత లోతుగా కోస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. గద్వాల దాటి తుంగభద్ర అవతల కర్నూలు జిల్లా, అందులో ఆదోని. అక్కడి పిల్ల కందుల జాహ్నవి, 23 ఏండ్లు, సియాటిల్‌లో మాస్టర్స్ చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. అక్కడ వేగపరిమితి 25 మైళ్లు. కారు పోతున్నది 74 మైళ్ల వేగంతో, మన లెక్కలో గంటకు దాదాపు 119 కిలోమీటర్లు. ఇంకో పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ, 11 వేల డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుంది అన్న మాట ఆయన ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. ఆ మాట విని మనందరి రక్తం ఉడికింది.

అయినా 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ కారు నడిపిన పోలీసు మీద ఫెలొనీ కేసు పెట్టలేనన్నారు. అతను ఒక అత్యవసర పిలుపు మీద పోతున్నాడు, ప్రాణాలను తెలిసీ లెక్కచేయలేదని సందేహానికి తావు లేకుండా రుజువు చేయడం కుదరదు అన్నారు. చివరికి అజాగ్రత్తగా నడిపినందుకు 5,000 డాలర్ల జరిమానా పడింది. మన ఊళ్లో అయితే ఇక్కడితో కథ కంచికి. అక్కడ తలుపు ఇంకోటి ఉంది. అదే సంవత్సరం ఆ కుటుంబం సియాటిల్ నగరం మీద సివిల్ దావా వేసింది, 110 మిలియన్ డాలర్లకు. దాని మీద ఇంకో 11 వేల డాలర్లు కలిపి అడిగారు. ఆ 11 వేలు ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

క్రిమినల్ కేసు ప్రాసిక్యూటర్‌ది, వద్దంటే వద్దు. సివిల్ దావా నష్టపోయినవాళ్లది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రుజువు కూడా తేలిక. క్రిమినల్‌లో జ్యూరీ మనసులో సహేతుకమైన అనుమానం మిగలకూడదు. సివిల్‌లో త్రాసు మీ వైపు కొంచెం ఒరిగితే చాలు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ 1995లో హత్య కేసులో నిర్దోషిగా బయటికొచ్చి, అవే చావులకు 1997లో సివిల్ కేసులో 33.5 మిలియన్ డాలర్లు కట్టమనిపించుకున్నది ఇట్లాగే.

ఒక సంగతి ఇక్కడ చెప్పకపోతే మనసొప్పదు. వాషింగ్టన్ రాష్ట్రంలో పాత చట్టం ప్రకారం చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు అమెరికాలో నివసించేవాళ్లు కాకపోతే ఇటువంటి దావాకు హక్కే ఉండేది కాదు. వందేండ్లకు పైగా అట్లాగే నడిచింది. 2019లో ఆ షరతు తీసేశారు. నాలుగేండ్లు ముందైతే ఆదోని తల్లికి కోర్టు గుమ్మం ఎక్కే దారి మూసుకుపోయి ఉండేది.

సివిల్, క్రిమినల్ తేడాకే ఇంకో ఉదాహరణ: ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? 2019 జనవరిలో మన తెలుగు పేపర్లన్నిటా అదే వార్త. మిషిగన్‌లో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీవాళ్లే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పంతుళ్లు లేరు, క్లాసులు లేవు. మన పిల్లలు వందల్లో చేరారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. పిల్లలను చేర్పించిన ఎనిమిది మంది మీద పెట్టింది క్రిమినల్ కేసు, అందరూ నేరం ఒప్పుకున్నారు. పిల్లలను పట్టుకున్నది మాత్రం ఇమ్మిగ్రేషన్ చట్టం కింద. చేతికి బేడీలు పడినా, నెలల తరబడి లోపల ఉంచినా, అక్కడి చట్టం దృష్టిలో అది సివిల్ వ్యవహారం. అంటే సర్కారు ఖర్చుతో వకీలు రాడు. పైసలున్నోడు వకీలును పెట్టుకున్నాడు, లేనోడు విమానం ఎక్కాడు. ఇది అన్యాయమే అంటాను నేను. ఫీజు కట్టించుకుని చదువు చెప్పలేదంటూ ఆ పిల్లల్లో ఒకరు సర్కారు మీదే దావా వేస్తే, దాన్ని విచారించాల్సిందేనని 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. సర్కారు మీద సర్కారు కోర్టులోనే ఫీజు వాపస్ అడగడం చూస్తే ముచ్చటేసింది.

సివిల్ అంటే మనకు భయం. ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చిండని సామెత. అక్కడ చిన్న తగాదాలకు వేరే కోర్టులున్నాయి. ఇల్లు ఖాళీ చేస్తే ఓనరు అడ్వాన్సు తిరిగివ్వలేదనుకోండి, టెక్సాస్‌లో 20 వేల డాలర్ల దాకా జస్టిస్ కోర్టులో వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. మన పిల్లలు పోతేపోనీ అని వదిలేస్తారు. వదలొద్దని చెప్పండి.

ఇక ఫ్యామిలీ కోర్టు. ఎవరి తప్పూ చూపించకుండా విడాకులివ్వడం కాలిఫోర్నియా 1970 నుంచి మొదలుపెట్టింది, అందరికన్నా చివర న్యూయార్క్ 2010లో చేరింది. ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఒకరు వద్దనుకుంటే చాలు, రెండోవాళ్లు కాళ్లు పట్టుకున్నా కాపురం నిలవదు. "మేం విడాకులు ఇయ్యం" అని ఇక్కడ పెద్దమనుషులు భీష్మించుకుని కూర్చోవడం అక్కడ పనికిరాదు. ఎక్కడ వేయాలన్నది నివాసాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో ఆరు నెలలుండాలి, నెవాడాలో ఆరు వారాలు చాలు.

ఆస్తి సంగతి వింటే మన మగపిల్లల తండ్రులు ఉలిక్కిపడతారు. తొమ్మిది రాష్ట్రాల్లో పెండ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరిదీ. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ మూడూ ఆ తొమ్మిదిలోవే. "జీతం మావోనిది, ఇల్లు మావోని పేరు మీద ఉంది" అంటే కుదరదు. ఇంట్లో కూర్చుని పిల్లలను పెంచిన ఆమెదీ అందులో భాగమే. కాలిఫోర్నియాలో సగం సగం, టెక్సాస్‌లో న్యాయం అనిపించినట్టు జడ్జి పంచుతాడు. తాతల నాటి ఎవుసం భూమి, తల్లిగారు పెట్టిన బంగారం ఎవరివి వాళ్లవే. కానీ డాలర్లు పంపి మిర్యాలగూడ బైపాసు పక్కన తండ్రి పేరు మీద కొన్న ప్లాటు ఉందే, దాని లెక్క కూడా అక్కడి జడ్జి అడగొచ్చు. ఇక్కడి రిజిస్ట్రేషన్ ఆయన మార్చలేడు గానీ, ఆ విలువను అక్కడి వాటాలో కోసేయగలడు. దాచిపెడితే కోర్టు ధిక్కారం. ఇది తెలియక దాచిపెట్టమని సలహా ఇచ్చే మేనమామలు మనకు కొదవ లేదు.

పిల్లల విషయం అన్నిటికన్నా సున్నితం. బిడ్డ ఆఖరుగా ఆరు నెలలు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు కోర్టుదే అధికారం. టెక్సాస్‌లో అయితే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో జ్యూరీ చేత కూడా తేల్పించుకోవచ్చు. మన జ్యూరీలు పోయి యాభై ఏండ్లు దాటింది, వాళ్ల దగ్గర ముక్కూమొహం తెలియని 12 మంది కూర్చుని ఇంటి పంచాయితీ తీరుస్తారు! మొగడితో పడక, చంకలో బిడ్డను వేసుకుని విమానమెక్కి పుట్టింటికొచ్చేయడం మన ఆడపిల్లలకు సహజంగా తోచే పని. అక్కడి కోర్టు కంట్లో అది పిల్లను ఎత్తుకుపోవడం. 1993 నుంచి ఫెడరల్ నేరం కూడా. అట్లా ఎత్తుకుపోయిన పిల్లలను వెనక్కి పంపాలనే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, కాబట్టి ఇక్కడికొస్తే ఏం కాదులే అనుకుంటారు. కానీ తిరుపతిలోనే పెండ్లయిన ఇంకో జంట కేసులో, తల్లి తెచ్చుకున్న కొడుకును సీబీఐ చేత వెతికించి, 2009 నవంబరులో సుప్రీంకోర్టు అమెరికా పంపింది. ఆ తర్వాత వచ్చిన తీర్పుల్లో బిడ్డ మేలు చూసి ఇక్కడే ఉంచినవీ ఉన్నాయి. ఏదీ ఖాయం కాదు. ప్రమాదంలో ఉంటే ముందు అక్కడి కోర్టులోనే రక్షణ ఉత్తర్వు, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో ఉత్తర్వు తెచ్చుకుని కదలడం మేలు. భర్త అక్కడి పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే, దెబ్బలు తిన్న భార్య అతని సంతకం లేకుండానే గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకునే దారి 1994 చట్టంలో ఉంది. "నేను లేకపోతే నీకు వీసా లేదు" అన్న బెదిరింపు విని నోరుమూసుకున్న పిల్లలకు ఈ ముచ్చట చేరాలి.

ఇదంతా చదివిన తల్లిదండ్రులకు నాలుగు మాటలు. అమెరికా కోర్టు కాగితం ఇంటికొస్తే అటక మీద పారేయకండి. విదేశీ నోటీసులను నేరుగా పోస్టులో పంపడానికి మన దేశం ఒప్పుకోలేదు, అవి కేంద్ర న్యాయ శాఖ ద్వారా రావాలి. ఆ అభ్యంతరం లేవనెత్తాలన్నా గడువులోగా వకీలుకు చూపించాలి. ఊరుకుంటే ఆస్తి, పిల్లల సంగతి అక్కడ మీరు లేకుండానే తేలిపోతుంది. ఒప్పుకుంటున్నాను అనే మాట ఉన్న ఏ కాగితం మీదా, ఈమెయిల్‌లో కూడా, చదవకుండా సంతకం పెట్టనీయకండి. లగ్గం అయిన వారంలోనే పెండ్లి రిజిస్ట్రేషన్ చేయించండి. అల్లుడి పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగం కాగితాల కాపీలు దగ్గర పెట్టుకోండి, అనుమానం అనుకుంటే అనుకోనీయండి.

వకీలు ఫీజుకు జంకేవాళ్లకు: ఎన్నారై పెండ్లిళ్ల ఫిర్యాదులకు జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. ఫోను నంబరు 15100.